సంచిలో నీళ్లు

రూతు వంటింటి సింకు పక్కన పాత పేపరు పరిచి, తన తెల్లబూట్లకు పాలిష్ పూస్తోంది. రాత్రి డ్యూటీ దిగి వచ్చాక రోజూ చేసే పనే. ఎడమ బూటు మీద ఎవరి మందో ఒలికి గోధుమరంగు మరక పడింది. రెండుసార్లు పూసినా ఆ మరక అడుగునుంచి పైకి కనిపిస్తూనే ఉంది. మూడోసారి పూసే ఓపిక లేక, బూట్లను కిటికీ గట్టు మీద ఆరబెట్టింది.

బయట ఆమోసు హారన్ కొట్టాడు.

"రూతూ, అయిందా? వాళ్లొచ్చేశారు!" గరాజ్‌లోంచి సుందర్ రాజ్ కేకేశాడు. అతను తెల్లవారుజాము నుంచి గాలాలు, తీగచుట్టలు, రబ్బరు పురుగుల డబ్బాలు సర్దుకుంటూనే ఉన్నాడు.

"మొహం కడుక్కుని వస్తానండీ."

పదకొండు గంటలసేపు ఆమె నిలబడే ఉంది. వార్డులో రావాల్సిన ఇద్దరు నర్సులు రాలేదు. మొహం కడుక్కుంటూ అద్దంలో చూసుకుంటే కళ్లకింద చర్మం నానిన కాగితంలా ఉంది. అయినా వెళ్లాలి. రెండు వారాల క్రితమే భర్తకు మాట ఇచ్చి, ఆదివారం రాత్రి వరకూ సెలవు కూడా పెట్టుకుంది.

ఏడు నెలల కిందట సుందర్ రాజ్ ఉద్యోగం పోయింది. చమురు బావులు తవ్వే యంత్రాల కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. చమురు ధర దిగజారేకొద్దీ ఒక్కొక్క డిపార్ట్‌మెంటూ మూసుకుంటూ వచ్చి, అక్టోబరులో అతని వరకూ వచ్చారు. అప్పటినుంచి రూతు వారానికి ఆరు రాత్రులు హాస్పిటల్లోనే. మొదట్లో అతను రోజూ అప్లికేషన్లు రాసేవాడు. తర్వాత పక్కింటాయన ఒకసారి దగ్గర్లోని లావన్ లేక్‌కి చేపలకు తీసుకెళ్లాడు. తర్వాత అతనే ఒంటరిగా వెళ్లడం మొదలుపెట్టాడు. చలికాలంలో కూడా వదల్లేదు. నీటి అడుగున మోడులు ఎక్కడున్నాయి, గాలి ఎటునుంచి వీస్తే బాస్ చేప ఏ ఒడ్డుకి చేరుతుంది, అన్నీ ఒక నోటుబుక్కులో డ్రాయింగులు గీసి పెట్టుకున్నాడు. ఆ డ్రాయింగులు చూస్తే రూతుకు ముచ్చటగానూ ఉండేది, భయంగానూ ఉండేది.

ఆమోసు వాళ్ల చర్చిలో సంఘపెద్ద. రిచర్డ్‌సన్‌లో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే చోట సూపర్‌వైజర్. అతనే మేనేజర్ని బతిమాలి సుందర్ రాజ్‌కి అక్కడ పని చూశాడు. వరసలో వచ్చే బోర్డుల్ని భూతద్దంలో చూసి మంచివీ చెడ్డవీ వేరుచేయాలి. వచ్చే సోమవారం ఉదయం ఏడింటికి చేరాలి. ఎం.టెక్ చదివి భూతద్దం పట్టుకోవడమా అని సుందర్ రాజ్ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎనిమిదో రోజున ఒక కాగితం తెచ్చి రూతు ముందు పెట్టాడు.

రేబర్న్ లేక్‌లో పెద్ద పోటీ. చేపలు పట్టడమే వృత్తిగా బతికే ప్రొఫెషనల్స్ దేశం నలుమూలలనుంచీ వస్తారు. ఒక్కొక్కరి బోటులో చీటీ వేసి ఒక మామూలు మనిషిని ఎక్కిస్తారు. అలా ఎక్కినవాళ్లకు వేరే లెక్క. వాళ్లలో ఫస్టు వచ్చినవాడికి బోటు, ఇంజను, బోటును లాక్కెళ్లే ట్రైలరు ఇస్తారు.

"ఇదొక్కటీ వెళ్లనీ రూతూ. గెలవకపోతే సోమవారం పొద్దున్నే ఆమోసు వెంట పోతాను, నోరెత్తను. గెలిస్తే మాత్రం నన్ను ఆపొద్దు. సొంత బోటుంటే ఏడాది తిరిగి చూస్తాను."

"సరేనండీ" అంది రూతు. ఇంకో ఏడాది వారానికి ఆరు రాత్రులు అంటే ఎన్ని రాత్రులో లెక్కవేయడానికి కూడా అప్పుడామెకు ధైర్యం చాల్లేదు.

ఆమోసుది పొడవాటి ఓల్డ్స్‌మొబీల్ వ్యాగన్ కారు. ముందు మగవాళ్లిద్దరూ, వెనక రూతు, ఆమోసు భార్య ప్రేమజ్యోతి. ప్రేమజ్యోతి ఒళ్లో పులిహోర గిన్నె, కాళ్లదగ్గర ఐసుపెట్టె.

"ఏం చెల్లెమ్మా, నిద్రపోలేదా?" అద్దంలోంచి చూస్తూ అడిగాడు ఆమోసు.

"కార్లో నిద్రపోతాను అన్నయ్యా."

"పడుకో, పడుకో. మీ ఆయన చేప పట్టగానే లేపుతాం. ఏం బావగారూ, మన ప్లేనోలో ఎం.టెక్ చేసి చేపలు పట్టేది మీరొక్కరేనా, ఇంకెవరైనా ఉన్నారా?"

"చెయ్యి, ఎగతాళి చెయ్యి. రేపు బోటు వెనక కట్టుకుని వస్తా, అప్పుడు చూద్దాం."

"నా వ్యాగన్‌కేగా కట్టేది? అయితే నాక్కూడా వాటా."

"మీరు నోరు మూసుకుని డ్రైవ్ చేయండి" అంది ప్రేమజ్యోతి భర్తతో. తర్వాత ముందుకు వంగి, "అన్నయ్యగారూ, ఒక డౌటు. పట్టిన చేపని తినరటగా? తూచి మళ్లీ నీళ్లలో వదిలేస్తారటగా?" అని అడిగింది.

"అవునమ్మా. బతికుండగానే తేవాలి. బోటులోనే తొట్టి ఉంటుంది, అందులో నీళ్లు తిరుగుతుంటాయి. చచ్చిన చేప తెస్తే ఒక్కోదానికి నాలుగు ఔన్సులు కోసేస్తారు."

"పట్టుకోవడం దేనికి, వదలడం దేనికి! మా నాన్న వింటే పొట్ట పట్టుకుని నవ్వుతాడు."

ఆమోసు గొంతు తగ్గించాడు. "సరే బావా, జోకులు పక్కనపెట్టు. సోమవారం సంగతి? మేనేజర్‌కి మాట ఇచ్చాను."

"గెలిస్తే రాను. ముందే చెప్తున్నా. గెలవకపోతే ఆరున్నరకే మీ కంపెనీ గేటు దగ్గరుంటా."

రూతు కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్రలో కూడా వార్డులో రోగుల మంచాల దగ్గరి గంటలు మోగుతూనే ఉన్నాయి. మెలకువ వచ్చి చూస్తే రోడ్డుకి రెండు పక్కలా పొడవాటి పైన్ చెట్లు, చెట్లకింద ఎర్రమట్టి. లఫ్‌కిన్ దాటామని ప్రేమజ్యోతి చెప్పి, కాగితం పళ్లెంలో పులిహోర పెట్టి ఇచ్చింది. రూతు నాలుగు ముద్దలు తిని మళ్లీ నిద్రలోకి జారిపోయింది.

సాయంత్రం ఒక స్కూలు హాల్లో చీటీలు తీశారు. సుందర్ రాజ్ చీటీ హాలిస్ అనే ఆయనతో పడింది. అరవై ఏళ్ల మనిషి, మెడ ఎర్రగా కాలిపోయి ఉంది, టోపీ తియ్యకుండా మాట్లాడాడు. 'సుందర్ రాజ్' అన్న పేరు నోరు తిరగక 'సన్నీ' అని పిలిచాడు. మామూలుగా ఎవరైనా పేరు మార్చితే మొహం ముడుచుకునే సుందర్ రాజ్ ఆ రోజు నవ్వాడు. తన నోటుబుక్కు తీసి చూపించాడు. హాలిస్ నాలుగు పేజీలు తిరగేసి, ఒక బొమ్మ దగ్గర ఆగి, వేలితో రెండుసార్లు తట్టాడు. ఆ తట్టడం చూసి సుందర్ రాజ్ వెన్ను నిటారుగా అయింది.

మర్నాడు వెలుగు రాకముందే బోట్లు వెళ్లిపోయాయి. నూటికి పైగా బోట్లు ఒకదాని వెనక ఒకటి నీళ్లు చీల్చుకుంటూ పోయాక, ఒడ్డుమీద పెట్రోలు వాసన మిగిలింది. చూడ్డానికి వచ్చినవాళ్లు మడత కుర్చీలు తెరిచి కూర్చున్నారు. తొమ్మిది గంటలు చూసేదేమీ లేదు. ఆమోసు వ్యాగన్ వెనకసీటు పడగొట్టి గురకపెట్టాడు. ఆడవాళ్లిద్దరూ ఒక పైన్ చెట్టుకింద దుప్పటి పరుచుకున్నారు.

"ఇంత పెద్ద చెరువా!" అంది రూతు.

"చెరువు అనకు, మీ ఆయన వింటే కొడతాడు. లేక్." ప్రేమజ్యోతి నవ్వి, కోడిగుడ్డు శాండ్‌విచ్ చేతికిచ్చింది. కొంచెంసేపయ్యాక అడిగింది: "రూతూ, నిజం చెప్పు. ఏమని ప్రార్థన చేస్తున్నావు?"

రూతు దుప్పటి మీద పడ్డ పైన్ ఆకు సూదుల్ని ఒక్కొక్కటే ఏరింది. "ఆయన గెలవకూడదని, వదినా."

ప్రేమజ్యోతి ఆశ్చర్యపోలేదు. "ఊఁ" అంది.

"తప్పేనంటావా?"

"నీ కాళ్లు చూశావా? చీలమండలు ఎలా వాచాయో? ఆ కాళ్లకి తప్పా ఒప్పా అడుగు." అంటూనే తన ఒడిలోకి రూతు పాదాలు లాక్కుంది. రూతు వద్దంటూనే కళ్లు మూసుకుంది.

మూడింటికి బోట్లు తిరిగొచ్చాయి. రూతు ఒడ్డుకి వెళ్లి నిలబడింది. హాలిస్ బోటు ముక్కు మీద సుందర్ రాజ్ నిలబడి ఉన్నాడు. మొహం నల్లగా మాడి, పెదాలు పగిలి ఉన్నాయి. ఆమెను చూడగానే మూడు వేళ్లెత్తి చూపించాడు. తర్వాత చేతులు రెండూ బారెడు చాపాడు. ఆ మొహం రూతు ఏడు నెలలుగా చూడలేదు. పెళ్లయిన కొత్తలో సైకిలు మీద ఏలూరు బజారంతా తిప్పినప్పుడు ఉండేది అలాంటి మొహం. రూతు తన ప్రార్థన వెనక్కి తీసుకునే వీలుంటుందా అనుకుంది.

అతను మందపాటి ప్లాస్టిక్ సంచిలో సగానికి నీళ్లు నింపి, చేపలు మూడూ అందులో వేసుకుని ఒడ్డు దిగాడు. రెండు చిన్నవి. మూడోది మోచేయంత పొడుగు, పచ్చటి వీపు, నోరు తెరిస్తే పిడికిలి పట్టేంత. కాటా దగ్గర క్యూ అప్పటికే చెట్లవరకూ సాగింది. ఇద్దరూ క్యూలో నిలబడ్డారో లేదో, హాలిస్ కేకేశాడు. ఆయన బోటును ట్రైలర్ మీదికి ఎక్కించాలి, ఇంకో మనిషి కావాలి.

"పట్టుకో రూతూ, పది నిమిషాల్లో వస్తా. క్యూ వదలకు, సంచి కింద పెట్టకు, కన్నం పడుతుంది" అని అతను పరుగెత్తాడు.

సంచి బరువుగా ఉంది. చేపలు తోక కొట్టినప్పుడల్లా నీళ్లు ఎగిరి ఆమె మొహం మీద పడుతున్నాయి. సంచి చేతుల్లోంచి జారుతోంది. మే నెల ఎండ మాడ్చేస్తోంది. అయిదు నిమిషాలకే ఆమె భుజాలు లాగేశాయి, నడుం పట్టేసింది. క్యూ మనిషి మనిషికీ ఆగుతోంది. ఆమోసు కోసం చూస్తే కనుచూపు మేరలో లేడు.

రూతు పుట్టింది కొల్లేటి ఒడ్డున. వాళ్లమ్మ కొర్రమేను చేపలు తీసుకుని కైకలూరు సంతకు నడిచి వెళ్లేది. బుట్టలో మట్టికుండ, కుండ అడుగున గిద్దెడు నీళ్లు, పైన తడిగుడ్డ. నీళ్లు ఎక్కువైతే చేప ఎగిరెగిరి పడి మూతులు పగలగొట్టుకుంటుందనీ, ఒళ్లు తడిసేంత ఉంటే చాలు, పూటంతా హాయిగా పడుంటుందనీ అమ్మ చెప్పేది. నాలుగు మైళ్లు నడిచి దించాక కూడా అవి కుండలో చల్లగా కదులుతూ ఉండేవి. రూతుకి చేపను మోసుకెళ్లడం అంటే తెలిసిందదే. అలా తెలిసింది తప్పవుతుందని ఆమెకు అనుమానమే రాలేదు.

సంచి మూతి కొంచెం వంచింది. నీళ్లు ధారకట్టి ఎర్రమట్టిలో ఇంకిపోయాయి. అడుగున నాలుగు వేళ్ల లోతు ఉంచింది. మెడకి చుట్టుకున్న స్కార్ఫు తడిపి సంచి మీద కప్పింది. కాసేపటికి చేపలు ఎగరడం మానేశాయి. బరువు తగ్గింది. ఆమె ప్రాణం కుదుటపడింది.

పది నిమిషాలన్నవాడు ఇరవై అయిదు నిమిషాలకు వచ్చాడు. అప్పటికి ముందు ఇద్దరే ఉన్నారు. "చాల్లే, ఇలా ఇవ్వు" అని లోపలికి చూడకుండానే హడావుడిగా సంచి అందుకున్నాడు. పైన స్కార్ఫు చూసి, "ఎండ తగలకుండా కప్పావా? మంచి పని చేశావు" అన్నాడు. చీటీమీద బోటెక్కినవాళ్లలో అప్పటివరకూ అందరికంటే పైన ఉన్నవాడిది సరిగ్గా పదకొండు పౌండ్లు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆమోసు ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి, "బావా, నీది పన్నెండుంటుందిరా!" అని అరిచాడు.

కాటా తొట్టిలోకి చేపల్ని ఒంపారు. పదకొండు పౌండ్ల రెండు ఔన్సులు. జనం చప్పట్లు కొట్టారు. ఆమోసు ఎగిరి గంతేశాడు. తొట్టి దగ్గరున్నాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. పెద్ద చేపను వేలితో కదిపి చూశాడు. తిరగేశాడు. అది తెల్లటి పొట్ట పైకి పెట్టి అలాగే తేలింది. నీళ్లలో ఉంచి కొంచెంసేపు ముందుకీ వెనక్కీ లాగి చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపి, కాగితం మీద ఏదో కొట్టేసి రాశాడు.

నాలుగు ఔన్సులు పోయాయి. పౌండుకి పదహారు ఔన్సుల లెక్కన మిగిలింది పది పౌండ్ల పద్నాలుగు ఔన్సులు. రెండు ఔన్సుల తేడాలో బోటు ఇంకెవరిదో అయింది.

సుందర్ రాజ్ తొట్టివంక చూస్తూ నిలబడ్డాడు. "బోటు తొట్టిలో బాగానే ఉంది. దూకుతోంది కూడా" అన్నాడు. ఎవరికి చెబుతున్నాడో తెలియలేదు. హాలిస్ వచ్చి అతని వీపుమీద రెండుసార్లు తట్టి, క్యూ మరీ పొడుగుంది సన్నీ, అని తన ట్రక్కు దగ్గరికి వెళ్లిపోయాడు. బతికున్న రెండింటినీ తిరిగి లేక్‌లో వదిలారు. చచ్చినదాన్ని ఆమోసు అడిగి తీసుకుని ఐసుపెట్టెలో కోకు సీసాల పక్కన పెట్టాడు.

రూతు ఖాళీ సంచి మడతపెడుతోంది. ప్రేమజ్యోతి దగ్గరికి వచ్చి, తడిపిన స్కార్ఫు చూసి, ఆమె మొహం చూసి, "కొర్రమేను అనుకున్నావా?" అంది మెల్లగా.

"కాదా వదినా?"

"కొర్రమేను పైకొచ్చి గాలి మింగుతుందమ్మా. అందుకే బతుకుతుంది. అన్ని చేపలూ మింగవు."

రూతుకి కళ్లముందు కుండ కనిపించింది. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసింది, ఆ చేపలు మూతి పైకెత్తి గుటకేయడం. చూసింది గానీ, అవి ఎందుకలా చేస్తాయో ఒక్కరోజూ అడగలేదు.

తిరుగుప్రయాణంలో ఆమోసు కూడా జోకులు వేయలేదు. పాలస్టీన్ అనే ఊళ్లో పెట్రోలు పోయించుకున్నప్పుడు మాత్రం, "పదిమందిలో సెకండు రావడమంటే మాటలా బావా?" అన్నాడు.

"నూట పన్నెండు మందిలో" అన్నాడు సుందర్ రాజ్.

ఆదివారం చర్చినుంచి వచ్చాక రూతు ఆ చేపను సింకులో వేసి పొలుసు తీసింది. చేపను పారేయడం ఆమెకు చేతకాదు. మొప్పలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చింతపండు పిసికి పులుసు పెట్టింది. వాసనకి సుందర్ రాజ్ వచ్చి బల్లదగ్గర కూర్చున్నాడు. ఆమె అన్నం వడ్డించి, నడిముక్క వేసి, అక్కడే నిలబడింది.

"ఏమండీ, సంచిలో నీళ్లు నేనే పారబోశాను."

అతని చెయ్యి అన్నంలో ఆగిపోయింది. "ఎందుకు?"

"బరువు మొయ్యలేక. కొర్రమేనుకి నీళ్లు తక్కువుంటేనే మంచిది, ఇదీ అంతే అనుకున్నాను. మా అమ్మ అలాగే తెచ్చేది."

అతను పట్నంలో పుట్టినవాడు. కుండలో చేపలు మోసినవాడు కాదు. ఆ మాట అతనికి సాకులా వినిపించి ఉంటుందని చెబుతుండగానే ఆమెకు అర్థమైంది.

"నేను గెలవాలని ప్రార్థన చేశావా రూతూ?"

చేశానంటే అక్కడితో అయిపోయేది. అబద్ధం ఆడడానికి కూడా ఒంట్లో కొంచెం బలం ఉండాలేమో. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"లేదు. గెలవకూడదనే చేశాను."

ఫ్రిజ్ గుర్రుమంటోంది. అతను అన్నం కలపడం మొదలుపెట్టాడు.

"కానీ నీళ్లు అందుకు పారబొయ్యలేదండీ. అది వేరు, ఇది వేరు."

"వేరని ఎవరు నమ్ముతారు?"

"ఎవరూ నమ్మక్కర్లేదు. మీరు నమ్మితే చాలు."

అతను తలవంచుకుని తిన్నాడు. ముల్లు ఒక్కొక్కటే తీసి పళ్లెం అంచున వరసగా పెట్టాడు. ముక్క మొత్తం తిని, పళ్లెం తనే కడిగి బోర్లించాడు. గరాజ్‌లోకి వెళ్లి చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఆమె వెళ్లి చూడలేదు.

సోమవారం అయిదింటికి రూతు లేచింది. ఆ రోజు ఆమెకు రాత్రి డ్యూటీ, పడుకోవచ్చు. అయినా లేచి అన్నం వండి, బంగాళాదుంప వేపుడు చేసి డబ్బాలో సర్దింది. సుందర్ రాజ్ గడ్డం గీసుకున్నాడు. చర్చికి వేసుకునే నీలం చొక్కా వేసుకున్నాడు. పెళ్లయి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో ఆఫీసుకు వెళ్లినా, లేక్‌కి వెళ్లినా, చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్లినా, గుమ్మంలో ఆగి "వెళ్లొస్తా" అనకుండా వెళ్లినవాడు కాదు.

ఆమె డబ్బా అందించింది. అతను అందుకున్నాడు. వేళ్లు తగిలాయి.

"ఆరయిందండీ, ట్రాఫిక్ ఉంటుంది" అంది రూతు, ఏదో ఒకటి అనాలని.

అతను బూట్ల తాళ్లు కట్టుకుని, తాళంచెవులు తీసుకుని, తలుపు తీశాడు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. వెనక్కి తిరక్కుండా, ఏమీ అనకుండా, మెట్లు దిగి వెళ్లిపోయాడు.